రెండు కుడి చేతులు

పాలసీ తీసుకున్న రోజు మాస్టర్ చాలా నవ్వాడు. ఆ నవ్వు ఆయన భార్యకి తర్వాత ఎన్నోసార్లు గుర్తొచ్చింది.

దుకాణంలో గుడ్డ కత్తిరించే బల్లకి ఒకవైపు ఆయన నిలబడి ఉన్నాడు, ఇంకోవైపు ఆమె తమ్ముడు. తమ్ముడు కొత్తగా ఇన్సూరెన్సు ఏజెంటయ్యాడు. కొత్త ఏజెంటు మొదట పడేది చుట్టాల మీదే కాబట్టి అక్కాబావలకి తప్పించుకునే దారి లేదు. ఆమె మెషిన్ పక్కన స్టూలు మీద కూర్చుని ఒక చొక్కాకి గుండీలు కుడుతోంది. పెళ్ళయిన కొత్తలో ఆమెకి చేతనైన పని అదొక్కటే. అందుకని మాస్టర్ ఆమెని గుండీ అని పిలవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు కాలర్లూ జేబులూ అన్నీ తనే కుడుతున్నా ఆ పేరు మాత్రం పోలేదు.

"ఆసుపత్రి బిల్లు కట్టే పాలసీ నీకుంది కదా బావా, అది వేరు, ఇది వేరు," అన్నాడు తమ్ముడు. "అది బిల్లు చూసి కడుతుంది. దీనికి బిల్లుతో పనే లేదు. గుండెపోటు, క్యాన్సర్, కిడ్నీలు పోవడం, పక్షవాతం, ఇలా కొన్ని పెద్ద జబ్బుల పేర్లు ఇందులో రాసి ఉంటాయి. వాటిలో ఏదైనా నీకొచ్చిందనుకో..."

"నీ నోట మంచిమాటే రాదట్రా?" అంది ఆమె దారం కొరుకుతూ.

"అనుకో అన్నానక్కా, రమ్మన్లేదు. వస్తే మొత్తం ఒకేసారి చేతిలో పెడతారు. అద్దె కట్టుకుంటావో, ఇంట్లో కూర్చుని తింటావో నీ ఇష్టం, ఎవరూ లెక్క అడగరు. కాకపోతే జబ్బు వాళ్ళు రాసుకున్నట్టే ఉండాలి. ఛాతీలో మంటొచ్చింది, గుండెపోటే అంటే కుదరదు."

"అంటే జబ్బు కూడా కొలతలకి సరిపోవాలన్నమాట," అని మాస్టర్ నవ్వాడు. "బిగుతైనా తీసుకోరు, వదులైనా తీసుకోరు."

"అచ్చం అంతే బావా!"

"అయితే నాకిప్పటి నుంచే ఒకటి కుట్టించి పెట్టు," అని సంతకం చేశాడు. బావమరిది మాట తీసెయ్యలేక చేసిన సంతకం అది. ఆ తర్వాత పాలసీ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఒకరోజు పొద్దున్న మాస్టర్ చేతిలోంచి కత్తెర జారి బల్ల మీద పడింది. ఆయన దాన్ని ఎవరో పడేసినట్టు చూశాడు. తీసుకోబోయాడు. చెయ్యి కత్తెర పక్కన పడింది కానీ కత్తెర మీద పడలేదు. "గుండీ," అనబోయాడు. అదీ సరిగ్గా రాలేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేసరికి బతికి బయటపడ్డాడన్నదే పెద్ద సంతోషంగా ఉంది. బిల్లు పాత పాలసీ కట్టింది. కుడికాలు ఈడుస్తున్నాడు. మాటలు నోట్లో అంటుకుని వస్తున్నాయి. కుడిచెయ్యి మాత్రం ఆమె ఎక్కడ పెడితే అక్కడే ఉంటోంది. దిండు మీద పెడితే దిండు మీద, ఒళ్ళో పెడితే ఒళ్ళో.

ఆ వారంలోనే తమ్ముడు వచ్చాడు. ఆమె టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. గది చిన్నది, ఇల్లంతా రెండు గదులు, ఏ మాటైనా వినిపిస్తుంది.

"ఇప్పుడే అడగడానికి లేదు బావా," అంటున్నాడు తమ్ముడు. "పక్షవాతం వచ్చి మళ్ళీ పోయేదీ ఉంటుంది. అది వాళ్ళకి పనికిరాదు. మూడు నెలలు పోయాక డాక్టరు చూడాలి. మెదడుకి తగిలిన దెబ్బ వల్ల శాశ్వతంగా నష్టం మిగిలింది అని రాయాలి. అప్పుడిస్తారు."

"శా... శ్వతం?" అని అడిగాడు మాస్టర్.

తమ్ముడు చుట్టూ చూశాడు. కొక్కేనికి సగం కుట్టిన కోటొకటి వేలాడుతోంది. దుకాణం మూసేసిన రోజున ఆమె ఇంటికి తెచ్చి పెట్టింది. దాని అంచుల వెంట తెల్లదారం పెద్ద పెద్ద కుట్లు ఇంకా అలాగే ఉన్నాయి.

"నీ భాషలోనే చెప్తాను. ముందు ఇలా తెల్లదారంతో వేసి, తర్వాత లాగి పారేస్తావు చూడు, దాన్నేమంటావు?"

"కచ్చా కుట్టు."

"అదీ! జబ్బు కచ్చా కుట్టయితే వాళ్ళు పైసా విదల్చరు. పక్కా కుట్టయి ఉండాలి. మూడు నెలల దాకా ఊడకూడదు. అర్థమైందా?"

ఆమె టీ గ్లాసులతో వచ్చేసరికి మాస్టర్ ఆ కోటు వంకే చూస్తున్నాడు. అర్థమైనట్టు తల ఊపాడు.

దుకాణం ఆమె తెరిచింది. కత్తిరించి ఉన్న గుడ్డలున్నంత వరకూ పని నడిచింది. కుట్టడం ఆమెకి వచ్చు. కత్తిరించడం మాత్రం ఆయన ఎప్పుడూ ఎవరికీ ఇవ్వలేదు. "కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కత్తెర తప్పితే ఏడవడమే," అనేవాడు. ఇప్పుడు కట్టలన్నీ తరిగిపోయి ఖాళీ బల్ల కనిపిస్తోంది. దుకాణం ఓనరు రెండుసార్లు వచ్చి, "మాస్టర్ ఎలా ఉన్నాడమ్మా?" అని అడిగి, గోడలు చూసి వెళ్ళాడు. రెడీమేడ్ బట్టలాయన ఒకడు ఆ గది కావాలని అడుగుతున్నాడని పక్క దుకాణంలో విన్నది. పాలసీ డబ్బు వస్తే మంచి కటింగ్ మాస్టర్ని జీతానికి పెట్టుకోవచ్చు, అద్దె ముందే కట్టెయ్యొచ్చు. ఆమె రోజూ మెషిన్ తొక్కుతూ ఇదే అనుకునేది. ఎంత వద్దనుకున్నా అదే.

ఇంటికి ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి వచ్చేది. పిట్టంత మనిషి, గొంతు మాత్రం వీధి చివర వరకూ వినిపిస్తుంది.

"అంకుల్, ఈ బంతి పిండండి. మీ దుకాణం ఓనరు పీక అనుకోండి."

మాస్టర్ నవ్వేవాడు. బంతి ఒళ్ళోంచి దొర్లి మంచం కిందకి పోయేది.

"కాలు చూడండి ఆంటీ, పరిగెడుతోంది. మాట చూడండి, నన్నే వెక్కిరిస్తున్నారు. చెయ్యికే ఏమొచ్చిందో. రోజూ చేయిస్తున్నారా?"

"చేయిస్తున్నానమ్మా."

చేయించేది నిజమే. వేళ్ళు విప్పేది, ముడిచేది. అవి ఆమె చేతిలో తడిగుడ్డల్లా ఉండేవి.

ఒక మధ్యాహ్నం గుడ్డ మీద గీసే సుద్ద అయిపోయిందని ఇంటికి వచ్చింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. మాస్టర్ నిద్రపోతున్నాడు. కుడిచెయ్యి దుప్పటి అంచు మీద ఉంది. ఆమె సుద్ద వెతుకుతూ ఆ పక్కకి చూసి ఆగిపోయింది.

ఆయన బొటనవేలూ చూపుడువేలూ దుప్పటి అంచుని పట్టుకుని మెల్లగా రుద్దుతున్నాయి. గుడ్డ చేతికి ఇవ్వగానే ఆయన చేసే పని అది. ధర అడక్కముందు, రంగు చూడకముందు, రెండు వేళ్ళ మధ్య పెట్టి రుద్ది, ఇది ఉతికితే ఎంత ముడుచుకుంటుందో చెప్పేస్తాడు. నిద్రలో ఆ వేళ్ళు దుప్పటిని బేరం చేస్తున్నాయి.

"ఏవండీ! లేవండి, కదులుతోంది! చెయ్యి కదులుతోంది!"

ఆయన ఉలిక్కిపడి లేచాడు. వేళ్ళు ఆగిపోయాయి. ఆమె సంతోషంగా ఆ చేతిని పట్టుకుంది. "మళ్ళీ ఒకసారి. ఇందాక ఎలా చేశారో అలాగే."

చెయ్యి కదల్లేదు. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడం చూశాక ఆమె చేతిలో పట్టుకున్న చేతిని మెల్లగా దుప్పటి మీద పెట్టేసింది.

"ఎప్పట్నుంచి?"



"నెల దాటింది," అన్నాడు గోడవైపే చూస్తూ. "ముందు చిటికెనవేలు గుంజింది. నేనే ఊరుకున్నాను. నువ్వూ విన్నావు కదే, నీ తమ్ముడు చెప్పింది. పక్కా కుట్టయితేనే అన్నాడు. మూడు నెలలు ఊడకూడదు. డాక్టరు చూసి వెళ్ళిపోనీ, తర్వాత ఆ పిల్ల చెప్పినట్టల్లా చేస్తాను. బంతి ఏమిటి, బండరాయి కూడా పిండుతాను."

"దాని కోసం చెయ్యిని చంపుకుంటారా?"

"చంపడం ఏమిటే, దాచాను. డబ్బు పెట్టెలో దాచుకున్నట్టు. దుకాణం పోయాక చెయ్యొచ్చి ఏం చేసుకోను, చప్పట్లు కొట్టుకోనా?"

ఆమెకి తిట్టాలనిపించింది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఖాళీ బల్ల గుర్తొచ్చింది, గోడలు చూసి వెళ్ళే ఓనరు గుర్తొచ్చాడు. సుద్ద తీసుకుని దుకాణానికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఫిజియో అమ్మాయి అడిగింది, "ఏమైనా కదలిక కనిపించిందా ఆంటీ?"

"లేదమ్మా," అంది ఆమె.

మాస్టర్ కళ్ళెత్తి ఆమెని చూసి దించుకున్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోలేదు. దొంగతనంలో వాటాదారులు మొహాలు చూసుకోలేనట్టు, అన్నం పెట్టేటప్పుడు ఆమె పళ్ళెం చూసేది, ఆయన గోడ చూసేవాడు. ఆయన చెయ్యి వేళ్ళు విప్పి ముడిచే పని కూడా ఆమె తగ్గించేసింది. తగ్గించానని తనకి తెలుసు.

ఇంకో పది రోజులు గడిచాయేమో. ఫిజియో అమ్మాయి వెళ్ళబోతూ గుమ్మం బయట ఆగింది. గొంతు తగ్గించి మాట్లాడింది. ఆ అమ్మాయి గొంతు తగ్గించగలదని అప్పుడే తెలిసింది.

"ఆంటీ, వారానికి ఒక్కసారే వస్తాను ఇక. కాలు బాగైంది. చెయ్యి కోసం మీ చేత ఫీజు కట్టించుకోవడం నాకే బాగాలేదు. మొదటి నెలల్లో వచ్చినంత తర్వాత రాదండి. వాడకపోతే మెదడు ఆ చేతిని మర్చిపోతుంది. ఏదో ఒక్క వేలు కదిలినా దాన్ని పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. ఒక్కటీ లేదు, ఏం చెయ్యను?"

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. చెప్పెయ్యాలనుకుంది. అమ్మాయి అప్పటికే చెప్పులేసుకుని మెట్లు దిగుతోంది.

దుకాణానికి వెళ్ళి ఏదో ఒక పని చెయ్యకపోతే పిచ్చెక్కేట్టుంది. పోస్టాఫీసులో పనిచేసే ఆయన చొక్కా గుడ్డ ఒకటి వచ్చి ఎన్నాళ్ళయిందో. సన్నటి చారలు, పైవైపు నిగనిగలాడుతుంది, లోపలివైపు వెలిసినట్టుంటుంది. పాత కాగితం అచ్చులు బయటికి తీసింది. వెన్ను, ముందు భాగాలు కత్తిరించింది. చొక్కా చేతుల దగ్గరికి వచ్చేసరికి తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు వచ్చేలోపల అచ్చు పెట్టి ఒక చెయ్యి కత్తిరించింది. అదే అచ్చు పక్కన పెట్టి ఇంకో చెయ్యి కత్తిరించింది.

తమ్ముడు వచ్చాడు. "ఏంటక్కా, ఫోన్లో గొంతు అలా ఉంది?"

"ఒక్కటి చెప్పు. మీ బావ వేలు కదిలితే డబ్బు రాదా?"

"ఎవరన్నారు?"

"నువ్వే! ఊడకూడదన్నావు. కచ్చా కుట్టన్నావు, పక్కా కుట్టన్నావు."

ఆమె జరిగిందంతా చెప్పింది. వాడు విని స్టూలు మీద కూలబడ్డాడు.

"కట్టెలా పడుండాలని ఎక్కడా లేదక్కా. వైద్యం మానుకోమని అసలే లేదు. నష్టం మిగలాలన్నారంతే. పట్టు తగ్గిందనుకో, స్పర్శ తెలియడం లేదనుకో, డాక్టరు పరీక్షలో బయటపడాలి, స్కాన్ దాంతో సరిపోవాలి. అంతే."

"ఎంత మిగలాలి?"

"అది వాళ్ళు చూసి చెప్పాలి. పూర్తిగా బాగైతే మాత్రం రాదు. కొంచెం మిగిలితే... వస్తుందనే అనుకుంటున్నాను."

"అనుకుంటున్నావా? ఈ ముక్క ఆ రోజే చెబితే నీ నోట్లో ముత్యాలు రాలిపోయేవా?"

"బావకి అర్థం కావాలనే కదా ఆ కుట్టు మాట చెప్పింది!"

"బాగా అర్థమైంది. అదే వచ్చిన గొడవ."

వాడు కళ్ళు తుడుచుకుని, తుడుచుకోనట్టు ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆమె కత్తిరించిన ముక్కలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఇంటికి వెళ్ళి మాస్టర్ ముందు మంచం మీద పరిచింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక గుడ్డతో మొదలుపెట్టింది.

"ఇది చూసి పెట్టండి. నేనే కత్తిరించాను."

"నువ్వా?" మాస్టర్ వంగి చూశాడు. కత్తెర తగిలిన గుడ్డ ఎదురుగా ఉంటే ఆయన ఏ కోపాన్నీ నిలబెట్టుకోలేడు. వెన్ను చూశాడు. "ఊఁ." ముందు భాగాలు చూశాడు. "చంక కాస్త లోతైంది. పర్లేదు." చొక్కా చేతుల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఎడమచేత్తో ఒకదాన్ని జరిపి రెండోదాని పక్కన పెట్టాడు.

"ఇదేమిటే? రెండూ కుడి చేతులే!"

ఆమె చూసింది. గుడ్డ తిరగెయ్యకుండా ఒకే అచ్చుతో ఒకే వైపు రెండూ కత్తిరించేసింది. తిప్పి పెడదామంటే వెలిసిన వైపు పైకి వస్తుంది.

"నా కుడిచెయ్యి పోయిందని నాకూ ఒకటి కలిపి కత్తిరించావా గుండీ?" అని మాస్టర్ నవ్వడం మొదలుపెట్టాడు. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి గట్టిగా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే మంచం అంచున కూర్చుని ఏడ్చేసింది. తమ్ముడు చెప్పింది, ఫిజియో అమ్మాయి చెప్పింది అంతా చెప్పింది.

మాస్టర్ నవ్వు ఆగిపోయింది.

"అయితే దాచక్కర్లేదా?" అన్నాడు.

"అక్కర్లేదు. ఎప్పుడూ అక్కర్లేకపోయింది. డబ్బు వస్తే వస్తుంది, పోతే పోతుంది. కత్తెర పట్టే మనిషి లేకుండా ఆ దుకాణం దేనికి, బోర్డు తుడుచుకోవడానికా? బయటికి తియ్యండి చెయ్యి. ఇదిగో, సుద్ద పట్టుకోండి."

సుద్ద బిళ్ళ మంచం మీద పెట్టింది. మాస్టర్ సర్దుకుని కూర్చున్నాడు. కుడి భుజం పైకి లేచింది. మోచెయ్యి ఒకవైపుకి కొట్టుకుంది. చెయ్యి దుప్పటి మీద జారుకుంటూ సుద్ద దాకా వచ్చింది. బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి రాసుకున్నాయి. మిగతా మూడు వేళ్ళూ లోపలికి ముడుచుకునే ఉన్నాయి. సుద్ద అందలేదు. ఆయన పళ్ళు బిగించి మళ్ళీ చేశాడు. మళ్ళీ.

నుదురంతా చెమట పట్టింది.

"రావడం లేదే," అన్నాడు. "ఇన్నాళ్ళూ నేనే ఆపుతున్నాననుకున్నాను. ఆపడం మానేస్తే వచ్చేస్తుందనుకున్నాను."

ఆమె ఆ చేతిని తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఫోన్ తీసి ఫిజియో అమ్మాయికి చేసింది. జరిగిందంతా చెప్పింది. తర్వాత ఆ పెద్ద గొంతు మళ్ళీ వచ్చింది. "పెద్దవాళ్ళు కాబట్టి బతికిపోయారు ఇద్దరూ. రేపు పొద్దున్నే వస్తున్నాను. గుండీల డబ్బా ఒకటి దగ్గర పెట్టుకోండి."

డాక్టరు పరీక్ష దాకా మిగిలిన రోజులన్నీ గుండీలు ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి వెయ్యడంతోనే గడిచాయి. కోటు గుండీలు పెద్దవి, అవి రెండు మూడు పడేవి. చొక్కా గుండీలు పడేవి కావు. గది నిండా గుండీలే, చీపురు పట్టిన ప్రతిసారీ గలగలమనేవి. మధ్యవేలు కొంచెం విచ్చుకుంది. మిగతావి విచ్చుకోలేదు.

డాక్టరు పరీక్షకి ముందురోజు తమ్ముడు వచ్చాడు. గుమ్మంలోనే నసిగాడు. "బావా, రేపు మరీ అంత ఉత్సాహం చూపించకు. ఉన్నదే చూపించు, కానీ... నెమ్మదిగా."

"నీ మాట ఒకసారి విన్నాను, చాలు," అన్నాడు మాస్టర్.

డాక్టరు గది తెల్లగా ఉంది. డాక్టరుది పొడుగు చేతుల చొక్కా, దాని మీద తెల్లకోటు. స్కాన్ ఫోటోలు వెలుతురులో పెట్టి చూశాడు. కాలు తట్టాడు, కళ్ళలో లైటు వేశాడు. తర్వాత తన రెండు వేళ్ళు మాస్టర్ కుడి అరచేతిలో పెట్టాడు.

"గట్టిగా పట్టుకోండి. నేను లాగుతాను, వదలకూడదు."

ఆమె గోడ పక్కన కుర్చీలో ఉంది. వదలకూడదు, వదలకూడదు అని మనసులో అనుకుంటోంది. అనుకుంటూనే ఓనరు మొహం కళ్ళ ముందు మెదిలింది. ఛీ అనుకుని చీరకొంగు పిడికిట్లో నలిపింది.

మాస్టర్ మెడ నరాలు తేలాయి. కుర్చీలోంచి లేస్తాడేమో అన్నంత బలం పెట్టాడు. డాక్టరు వేళ్ళు సులువుగా బయటికి వచ్చేశాయి.

"పర్లేదు, వదిలెయ్యండి."

చెయ్యి కిందకి జారుతూ డాక్టరు కోటు చేతి అంచుకి తగులుకుంది. బొటనవేలూ చూపుడువేలూ ఆ అంచుని పట్టుకుని మెల్లగా రుద్దాయి.

"కాటన్ అని అమ్మారా సార్ మీకు?"

"అవును. ఏం?"

"కాదండి. సగం పాలిస్టరు కలిపారు. ఎండాకాలం ఉడికిపోతారు."

డాక్టరు నవ్వాడు. నవ్వుతూనే కోటు అంచు కదిలిస్తున్న వేళ్ళ వంక చూశాడు. మాస్టర్‌ని కళ్ళు మూసుకోమన్నాడు. దూది, పిన్ను, తాళంచెవి ఒక్కొక్కటే ఆ వేళ్ళకి తాకించి ఏమిటో చెప్పమన్నాడు. మాస్టర్ దాచకుండా చెప్పాడు. కొన్ని తప్పాయి. డాక్టరు బల్ల దగ్గరికి వెళ్ళి రాసుకున్నాడు. చాలాసేపు రాశాడు.

బయట మెట్ల దగ్గర తమ్ముడు కాచుకుని ఉన్నాడు. "ఏమన్నాడక్కా? ఏం రాశాడు?"

"పట్టు ఇంక పెద్దగా రాదన్నాడు. రాసింది నేను చూడలేదు."

"అదేంటి, మరి డబ్బు..."

"కంపెనీ వాళ్ళే ఉత్తరం రాస్తారటలే."

ఆటోలో మాస్టర్ మధ్యలో కూర్చున్నాడు. సగం దూరం వెళ్ళాక తమ్ముడివైపు తిరిగాడు.

"ఒరేయ్, ఆ పోస్టాఫీసాయన చారల గుడ్డ అరమీటరు ఎక్కడైనా దొరుకుతుందేమో చూడు. ఎడమ చెయ్యి ఒకటి ఆయనకి బాకీ ఉంది. నేను ఎడమచేత్తో గీస్తాను, మీ అక్క కత్తిరిస్తుంది."

"నేనా?" అంది ఆమె.

"ముందు గుడ్డ తిరగేసుకో. అదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు."

ఆమె సరేనంది. ఆయన కుడిచెయ్యి ఆమె చీర కుచ్చెళ్ళ మీద ఉంది. రెండు వేళ్ళూ అంచుని రుద్దుతున్నాయి. ఆయన కదిలిస్తున్నాడో, అవే కదులుతున్నాయో అడగలేదు.